పాత వీడియో గేమ్ పత్రికలను పనికొచ్చేలా చదవడం ఎలా?

పాత వీడియో గేమ్ మ్యాగజైన్లను ఇప్పుడు ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. 1981లో మొదలైన బ్రిటన్ పత్రిక 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' నుంచి, 2012 డిసెంబర్‌తో ఆగిపోయిన అమెరికా పత్రిక 'నింటెండో పవర్' దాకా వేల సంచికలు స్కాన్ అయి ఉన్నాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. అన్ని సంచికలు ఒక్కసారి కనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. నాలుగు ముఖచిత్రాలు తిరగేసి, రెండు ప్రకటనలు చూసి నవ్వుకుని మూసేస్తాం. సరదాకైతే అది చాలు. అప్పట్లో అసలు ఏం జరిగిందో ఈ పేజీల్లోంచి రాబట్టాలంటే మాత్రం ప్రతి పేజీనీ రెండు ప్రశ్నలు అడగాలి: ఇది ఎవరి డబ్బుతో అచ్చయింది? ఏ రోజున రాశారు? కింద చెప్పే పద్ధతంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక చిన్న ప్రశ్న పెట్టుకోండి

"తొంభైల నాటి గేమింగ్ ఎలా ఉండేది" లాంటి పెద్ద ప్రశ్న వద్దు. ఒక గేమో, ఒక కన్సోలో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం), ఒక వేసవో ఎంచుకోండి. మొదటిసారి చేసేవాళ్ళకు నేను చెప్పేది 1995 వేసవి, అమెరికాలో సెగా కంపెనీ కన్సోల్ 'సాటర్న్' విడుదల. కథ చిన్నది, మలుపులు ఎక్కువ.

సంగతి ఇదీ. సాటర్న్ జపాన్‌లో 1994 నవంబర్ 22న వచ్చింది. దానికి పోటీ కన్సోల్ సోనీ ప్లేస్టేషన్ డిసెంబర్ 3న వచ్చింది. అమెరికాలో సాటర్న్‌ను 1995 సెప్టెంబర్ 2న, శనివారం, విడుదల చేస్తామని సెగా చెప్పుకుంటూ వచ్చింది. మే 11న లాస్ ఏంజెలెస్‌లో వీడియో గేమ్ కంపెనీల వాణిజ్య ప్రదర్శన 'ఈ-త్రీ' మొట్టమొదటిసారి మొదలైంది. అక్కడ సెగా అమెరికా అధిపతి టామ్ కలిన్‌స్కీ వేదికెక్కి, సాటర్న్ ఇప్పటికే కొన్ని దుకాణాలకు చేరిందని, ధర 399 డాలర్లని ప్రకటించాడు. అదే ప్రదర్శనలో సోనీ తరఫున స్టీవ్ రేస్ వేదిక మీదికి వచ్చి "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. ప్లేస్టేషన్ సెప్టెంబర్ 9న అమెరికాలోకి వచ్చింది.

సెగా సరుకు ఇచ్చింది నాలుగు గొలుసు దుకాణాలకే: టాయ్స్ ఆర్ అస్, బాబేజెస్, ఎలక్ట్రానిక్స్ బొటీక్, సాఫ్ట్‌వేర్ ఎట్సెట్రా. మిగతావాళ్ళకు కోపం వచ్చింది. కేబీ టాయ్స్ అయితే సెగా సరుకే అమ్మనని మొండికేసింది. గేములు తయారుచేసే బయటి కంపెనీలు సెప్టెంబర్‌ను లెక్క పెట్టుకుని ఉన్నాయి కాబట్టి, కన్సోల్ కొన్నవాళ్ళకు ఆడటానికి నెలల తరబడి పెద్దగా ఏమీ దొరకలేదు.

ఇదంతా ఇప్పుడు మనకు తెలుసు. అప్పటి పాఠకుడికి ఎప్పుడు, ఎంతవరకు తెలిసిందన్నదే మన ప్రశ్న.

సంచికలు ఎక్కడ దొరుకుతాయి

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీ సైటుతో మొదలుపెట్టండి. పత్రిక పేరు, సంవత్సరం, నెల కలిపి వెతికితే చాలావరకు దొరుకుతుంది. సంచిక తెరిచాక 'లోపల వెతుకు' అనే సౌకర్యం ఉంటుంది. దాన్ని పూర్తిగా నమ్ముకోకండి. రంగుల పేజీ మీద వంకర అక్షరాలు వేయడం తొంభైల డిజైనర్లకు మహా సరదా. అలాంటి పేజీలను ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, చదవలేదు. పేరు దొరక్కపోతే విషయసూచిక చూసి పేజీ నంబర్ పట్టుకోండి, లేదా ఆ గేమ్ తీసిన కంపెనీ పేరుతో వెతకండి.

రెండోది వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్. ఫ్రాంక్ సిఫాల్డీ మొదలుపెట్టిన ఈ సంస్థ 2025 జనవరిలో తన డిజిటల్ లైబ్రరీని అందరికీ తెరిచింది. ఆగిపోయిన గేమ్ పత్రికలు 1500కు పైగా ఉన్నాయి, అన్నిటిలోనూ ఒకేసారి పదం వెతకవచ్చు. పత్రికలకు కంపెనీలు పంపిన ప్రచార సామగ్రి కూడా ఇందులో ఉంది. ఒక ప్రివ్యూ (విడుదలకు ముందు రాసే పరిచయం) పక్కన కంపెనీ పంపిన పత్రికా ప్రకటనను పెట్టి చూస్తే, ఏ వాక్యం విలేఖరిదో ఏది కంపెనీదో తేలిపోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మూడోది రెట్రోమ్యాగ్స్ అనే సైటు. అక్కడి స్కాన్లు అభిమానులు శ్రద్ధగా చేసినవి. ఒకే సంచిక రెండు చోట్ల దొరికితే పేజీల లెక్క సరిచూసుకోండి. లోపల అంటించిన పోస్టర్లు, చందా కార్డులు ఒక స్కాన్‌లో ఉండి ఇంకోదాంట్లో లేకపోవడం మామూలే.

కాగితం పట్టుకునే చదవాలనుకుంటే హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు, కోఠి పాత పుస్తకాల షాపులు, విజయవాడ లెనిన్ సెంటర్ ఉన్నాయి. కానీ అక్కడికి వెళ్ళి 1995 నాటి అమెరికన్ గేమ్ పత్రిక అడిగితే నిరాశే మిగిలే అవకాశం ఎక్కువ. మన దేశపు కంప్యూటర్ పత్రికలు దొరకడం అంతకన్నా తేలిక. 2001లో మొదలైన 'డిజిట్', ఆ ఇంటి నుంచే వచ్చిన గేమింగ్ పత్రిక 'స్కోర్' కనబడితే వదలకండి. అమెరికా, బ్రిటన్ పత్రికలను దాచేవాళ్ళు చాలామంది ఉన్నారు, మనవాటిని దాచేవాళ్ళు తక్కువ.

యజమాని ఎవరో చూడండి

రివ్యూల్లోకి దూకకండి. ముందు సంపాదకవర్గం పేర్లు అచ్చేసిన పేజీకి వెళ్ళండి. సన్నటి అక్షరాల్లో ప్రచురణకర్త పేరు ఉంటుంది. పాత గేమ్ పత్రికలు యాజమాన్యాన్ని బట్టి స్థూలంగా మూడు రకాలు.

ఒకటి, కన్సోల్ కంపెనీ సొంత పత్రిక. 1988 జులై-ఆగస్టు సంచికతో మొదలైన 'నింటెండో పవర్'ను నింటెండో ఆఫ్ అమెరికానే నడిపేది. గెయిల్ టిల్డెన్, హోవర్డ్ ఫిలిప్స్ మొదట్లో దాన్ని తీర్చిదిద్దారు. మ్యాపులు, చిట్కాలు అద్భుతంగా ఉండేవి. కానీ నింటెండో గేమును నింటెండో పత్రిక ఎంత తిట్టగలదు? సెగాకూ 'సెగా విజన్స్' ఉండేది. ఇలాంటి పత్రికల్లో ఒక గేముకు ఎన్ని పేజీలు ఇచ్చారో లెక్కపెట్టండి. కంపెనీ దేన్ని నెత్తిన పెట్టుకుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

రెండు, అమ్మకందారు పుట్టించిన పత్రిక. 1992లో వచ్చిన 'గేమ్‌ఫ్యాన్' మూలం, జపాన్ గేములు తెప్పించి పోస్టులో అమ్మే ఒక దుకాణం. జపాన్ గేముల మీద ఆ పత్రిక చూపించిన ప్రేమ నిజమైనదే, దాని వెనక వ్యాపారం ఉండటమూ నిజమే. 'గేమ్ ఇన్‌ఫార్మర్' 1991లో ఫంకోల్యాండ్ అనే దుకాణాల సంస్థ నుంచి పుట్టింది.

మూడు, విడి ప్రచురణ సంస్థలవి. 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ', 'గేమ్‌ప్రో', 'నెక్స్ట్ జెనరేషన్', బ్రిటన్ 'ఎడ్జ్' ఈ కోవలోకి వస్తాయి. వీటికీ ప్రకటనలిచ్చేది గేమ్ కంపెనీలే. అంతమాత్రాన రాసిందంతా అబద్ధమని కాదు. తిట్టాల్సిన చోట తిట్టారా లేదా అన్నది మాత్రం గమనించాలి.

మన ప్రశ్నకు ఒక్కో రకం నుంచి ఒక్కోటి చొప్పున, 1995 ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా తీసుకోండి. అంతకన్నా ఎక్కువ పెట్టుకుంటే మధ్యలో వదిలేస్తారు.

తేదీతో జాగ్రత్త

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకని కాస్త నిదానంగా చెబుతాను. ముఖచిత్రం మీది నెల, ఆ పత్రిక రాసిన నెల ఒకటి కావు. దుకాణంలో పాతబడినట్టు కనపడకూడదని ముందు తేదీ వేసేవాళ్ళు. మన వారపత్రికలు చదివినవాళ్ళకు ఈ అలవాటు కొత్తేమీ కాదు. అమెరికన్ మాసపత్రిక కవరు మీది నెల కంటే ముందే దుకాణానికి వచ్చేది. అచ్చుకు, రవాణాకు పట్టే కాలం తీసేస్తే లోపలి వార్త దాదాపు రెండు నెలల వెనకటిది కావచ్చు.

సాటర్న్ విషయంలో దీని ఫలితం చూడండి. మే 11కు ముందే అచ్చుకు వెళ్ళిపోయిన పేజీలో "సాటర్న్ సెప్టెంబర్ 2న" అనే ఉంటుంది. అది పాఠకుడి చేతికి వచ్చేసరికి సాటర్న్ టాయ్స్ ఆర్ అస్‌లో అమ్ముడవుతూ ఉంటుంది. పత్రిక తప్పు రాయలేదు. రాసిన రోజున అదే నిజం. ఈ తేడా తెలియక, పాత పత్రిక "అబద్ధం చెప్పింది" అని వీడియోలు చేసేవాళ్ళను చూస్తే విసుగొస్తుంది.

కాబట్టి నోటుపుస్తకంలో ప్రతి సంచికకూ రెండు గడులు గీయండి. ఒకదాంట్లో కవరు తేదీ, రెండోదాంట్లో రాసిన కాలం మీద మీ అంచనా. అంచనాకు ఆధారాలు లోపలే దొరుకుతాయి. ఏ ప్రదర్శనకు వెళ్ళొచ్చామంటున్నారు, దేన్ని "త్వరలో" అంటున్నారు, "మేం అచ్చుకు వెళ్ళే సమయానికి" అనే మాట ఎక్కడుంది అని చూడండి. ఈ-త్రీ పూర్తి కథనాల కోసం జులై, ఆగస్టు తేదీల సంచికలు తిరగేయండి. ఒకే సంచికలో ముందు పేజీల్లో కొత్త వార్త, వెనక పేజీల్లో పాత వార్త ఉన్నా కంగారు పడకండి. రంగుల పేజీలు ముందే అచ్చుకు పంపి, వార్తల పేజీలు చివరిదాకా ఆపుకోవడం పత్రికాఫీసుల్లో ఉన్నదే.

పేర్లు కూడా తేదీకి సాక్ష్యమే. నింటెండో 64ను మొదట 'ప్రాజెక్ట్ రియాలిటీ' అని, తర్వాత 'అల్ట్రా 64' అని పిలిచారు. సంచికలో ఏ పేరు వాడారో చూస్తే కాలం పట్టుకోవచ్చు.

బొమ్మలను పెద్దవి చేసి చూడండి

ఎనభైల పత్రికల్లో స్క్రీన్‌షాట్ అంటే టీవీ తెరకు తీసిన ఫొటోయే. గది చీకటి చేసి, కెమెరాను స్టాండ్ మీద పెట్టి, ఫిల్మ్ మీద తీసేవాళ్ళు. అంచులు ఉబ్బినట్టు, మూలలు గుండ్రంగా కనిపిస్తే అది తెర ఫొటో. అంచులు గీత గీసినట్టు తిన్నగా ఉంటే సిగ్నల్‌ను నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకున్నట్టు, లేదా కంపెనీయే బొమ్మ పంపినట్టు.

ప్రివ్యూ బొమ్మల్లో అసలు నిధి ఉంటుంది. తర్వాత గేములోంచి తీసేసిన దృశ్యాలు వాటిలో బతికున్నాయి. 1992 నాటి 'సోనిక్ 2' ప్రివ్యూల్లో 'హిడెన్ ప్యాలెస్' అనే స్థలం బొమ్మలు వచ్చాయి. అమ్మిన గేము కార్ట్రిడ్జ్‌లో (కన్సోల్‌కు తగిలించే గేము డబ్బాలో) ఆ స్థలం లేదు. 2013లో మొబైల్ కోసం మళ్ళీ తయారుచేసినప్పుడు గానీ అది ఆడటానికి దొరకలేదు. అందుకని ప్రతి ప్రివ్యూ బొమ్మనూ అసలు గేముతో పోల్చి చూడండి. స్కోరు చూపించే చోటు, ప్రాణాల లెక్క, నేపథ్యం రంగు, ఇవి మూడూ చూస్తే చాలావరకు తేడా దొరికిపోతుంది.

మార్కులు ఎలా అర్థం చేసుకోవాలి

ఒక పత్రిక ఇచ్చిన 7ను ఇంకో పత్రిక ఇచ్చిన 7తో పోల్చకండి. జపాన్ 'ఫామిత్సు'లో నలుగురు తలా పదికి వేసి, మొత్తం నలభైకి లెక్క చూపేవాళ్ళు. మొదటి 40కి 40 తెచ్చుకున్నది 1998లో 'జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్'. 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ'లోనూ నలుగురే, పదికే. 'నెక్స్ట్ జెనరేషన్'ది ఐదు నక్షత్రాల లెక్క. బ్రిటన్‌లో శాతాల రాజ్యం. అక్కడ చాలా పత్రికల్లో 70 శాతం అంటే "ఫరవాలేదు" అనే అర్థం. 'అమీగా పవర్' ఒక్కటి పట్టుబట్టి 50 శాతాన్నే సగటుగా వాడింది. అందులో 60 చూసి గేము బాగాలేదనుకుంటే మీరే పొరబడినట్టు.

దీనికి విరుగుడు ఒకటుంది. ఆ పత్రిక అదే సంచికలో మిగతా గేములకు ఇచ్చిన మార్కులన్నీ రాసుకుని, మీ గేము ఆ వరసలో ఎక్కడుందో చూడండి. అంకె కన్నా స్థానం ముఖ్యం. 'ఎడ్జ్' 1994లో 'డూమ్'కు పదికి ఏడు ఇచ్చిందని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 'ఎడ్జ్' చాలా పొదుపుగా మార్కులిచ్చే పత్రిక అని తెలిస్తే ఆ ఏడు అంత దారుణంగా అనిపించదు. అయినా నన్నడిగితే తక్కువే.

ప్రకటనలే అసలు సాక్ష్యం

రివ్యూలో అభిప్రాయం ఉంటుంది. ప్రకటనలో ధర ఉంటుంది. పత్రిక చివరి పేజీల్లో పోస్టులో గేములు అమ్మే దుకాణాల ప్రకటనలు, చీమల్లాంటి అక్షరాల్లో వందల పేర్లతో, కనిపిస్తాయి. వాటిని దాటేయకండి. 1995 మే తర్వాతి సంచికల్లో సాటర్న్ ధరను నెలనెలా రాసుకోండి. మొదట 399, ఆ ఏడాది అక్టోబర్‌కల్లా 299. ప్లేస్టేషన్ దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో ఆ రెండు అంకెలు చెప్పినంత స్పష్టంగా ఏ సంపాదకీయమూ చెప్పదు. సాటర్న్ గేముల వరస ఎంత పొట్టిగా ఉందో కూడా అదే పేజీలో కనిపిస్తుంది.

రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇప్పటి రేటు వేయకండి. 1995లో డాలర్ 31 నుంచి 35 రూపాయల మధ్య ఉండేది. అంటే సాటర్న్ మొదటి ధర, దిగుమతి సుంకం ఊసెత్తకుండానే, దాదాపు పన్నెండున్నర వేలు. ఆ రోజుల్లో మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఆ కన్సోల్ ఎందుకు కనిపించలేదో, నింటెండోను పోలిన చవక 'సమురాయ్' పెట్టెలు ఎందుకు కనిపించాయో వేరే చెప్పక్కర్లేదు.

గాసిప్ కాలమ్, పాఠకుల ఉత్తరాలు

'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ'లో 'క్వార్టర్‌మన్' పేరుతో పుకార్ల శీర్షిక వచ్చేది. ఇలాంటివి చదివేటప్పుడు ఏది నిజమైంది, ఏది కాలేదు అని పక్కన టిక్కులు పెట్టుకోండి. కొన్ని సంచికలయ్యాక ఎంతవరకు నమ్మాలో మీకే అంచనా వస్తుంది.

ఏప్రిల్ సంచిక వస్తే మాత్రం వెంటనే అనుమానించండి. ఇదే పత్రిక 1992 ఏప్రిల్‌లో 'స్ట్రీట్ ఫైటర్ 2'లో షెంగ్ లాంగ్ అనే రహస్య పాత్ర ఉందని, ఒక్క దెబ్బా తినకుండా చివరి శత్రువు దాకా వెళ్ళి, అక్కడ టైమ్ అయిపోయేదాకా మళ్ళీ మళ్ళీ కాచుకుంటే బయటికొస్తాడని రాసింది. ఫూల్స్ డే కోసం అల్లిన కథ. ఇతర దేశాల పత్రికలు కూడా నిజమనుకుని వేసుకున్నాయి. నాణెం వేసి ఆడే యంత్రాల దగ్గర ఎంతమంది పిల్లలు ఎన్ని నాణేలు పోగొట్టుకున్నారో! అందుకే ఒక రహస్యం మూడు పత్రికల్లో కనిపించినంత మాత్రాన మూడు సాక్ష్యాలు అనుకోకూడదు. ముగ్గురూ ఒకరి దగ్గరే కాపీ కొట్టి ఉండొచ్చు.

ఉత్తరాల పేజీలో సాటర్న్ కొన్నవాళ్ళ కోపం, కొననివాళ్ళ ఎకసెక్కం దొరుకుతాయి. చదవండి, ఆనందించండి. అచ్చు వేయాల్సిన ఉత్తరాలను ఎంపిక చేసింది సంపాదకుడేనని గుర్తుంచుకుంటే చాలు.

ఎనభైల పత్రిక అయితే ప్రోగ్రామ్ టైప్ చేసి చూడండి

ఇది సాటర్న్ కథకు సంబంధం లేనిది, అయినా చెప్పకుండా ఉండలేను. 1979లో మొదలైన 'కంప్యూట్!' లాంటి పత్రికలు గేమ్ ప్రోగ్రామ్ మొత్తాన్ని పేజీల కొద్దీ అచ్చువేసేవి. పాఠకుడు కూర్చుని టైప్ చేసుకోవాలి. ఆనాటి ఇంటి కంప్యూటర్లలో కమోడోర్ 64 ప్రోగ్రామ్ అయితే వైస్, స్పెక్ట్రమ్ ప్రోగ్రామ్ అయితే ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌లా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్) వేసుకోండి. చిన్న ప్రోగ్రామే ఎంచుకోండి. సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఎల్ అక్షరానికీ తేడా స్కాన్‌లో సరిగ్గా తెలియదు. స్పెక్ట్రమ్‌లో ఒక్కో మీట నొక్కితే ఒక్కో ఆదేశం మొత్తం పడుతుంది, మొదట్లో చిరాకేస్తుంది. ఎంత సరిచూసినా పనిచేయకపోతే తర్వాతి రెండు సంచికల్లో సవరణల కోసం వెతకండి. తప్పు పత్రికదే అయ్యుండొచ్చు. ఈ బాధ పడలేకే 'కంప్యూట్స్ గెజెట్' 1983లో ప్రతి వరసనూ సరిచూసే చిన్న ప్రోగ్రామ్‌ను అచ్చు వేసింది.

కాగితం సంచిక మీ చేతిలో ఉంటే

పిన్నులకు తుప్పు పట్టి ఉంటే నెమ్మదిగా విప్పేయండి, తుప్పు కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ జోలికి పోవద్దు. పీవీసీ కవర్లు కాకుండా పాలీప్రొపిలీన్ కవర్లలో, వెనక గట్టి అట్ట పెట్టి, ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి. కోస్తా ఊళ్ళల్లో గాలిలో తేమే పెద్ద శత్రువు. సిలికా జెల్ పొట్లాలు వేసి మార్చుతూ ఉండండి. గోడకు ఆనించిన అట్టపెట్టెలో పెడితే చెదల చేతికి అప్పగించినట్టే.

స్కాన్ చేయాలనుకుంటే కనీసం 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఓపిక ఉంటే 600. పేజీ వెనక నల్ల కాగితం పెడితే రెండోవైపు అచ్చు పైకి కనపడదు. అచ్చు చుక్కల వల్ల బొమ్మ మీద అలలు వస్తే వాటిని తీసేసే డీస్క్రీన్ అనే సౌకర్యం స్కానర్‌లో ఉంటుంది. కానీ అసలు కాపీని ఏ మార్పూ చేయకుండా టిఫ్ లేదా పీఎన్‌జీగా దాచి, అలలు తీసే పని రెండో కాపీ మీద చేయండి. చదవడానికి ఆ బొమ్మలను వరస నంబర్లతో జిప్ చేసి, ఫైల్ పేరు చివర సీబీజెడ్ (కామిక్స్ చదివే యాప్‌లు తెరిచే ఫైల్ రకం) అని మార్చితే సరిపోతుంది. ప్రకటనలు, చందా కార్డులు, ఖాళీ పేజీలు కూడా వదలకండి. కట్టు విప్పితే తప్ప స్కాన్ కాని సంచిక అయితే, అది అప్పటికే ఎక్కడైనా స్కాన్ అయి ఉందేమో చూసుకున్నాకే కత్తెర పట్టండి.

ఈ పత్రికలు పాతవే గానీ కాపీరైట్ తీరిపోయినవి కావు. మీ కోసం స్కాన్ చేసుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు, అమ్ముకోవడం మరీ వేరు. పంచాలనుకుంటే ముందు భద్రపరిచే సంస్థలను సంప్రదించండి. మన దేశపు పత్రిక అయితే ప్రచురణ సంస్థకు ఒక ఉత్తరం రాసి అడగండి.

సంచికతో పాటు వచ్చిన సీడీ, డీవీడీ దొరికితే దాన్ని కాగితం కన్నా ముందు కాపీ చేయండి. డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఫైల్‌గా (డిస్క్ పూర్తి నకలు ఒకే ఫైల్‌గా) తీసి, డిస్క్ పైభాగాన్ని, కవరును కూడా స్కాన్ చేసి, ఫైల్ పేరులో పత్రిక, నెల, సంవత్సరం రాసి పెట్టండి.